ఎస్‌ఎస్‌డీ వేయించాక షార్ట్‌కట్లు పనిచేయడం లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. డీటీపీ షాపులో విండోస్ 10 సిస్టమ్. పాత హార్డ్ డిస్క్ బాగా నెమ్మదించిందని మీ తమ్ముడు ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ కొని, పాత విండోస్‌ని ఉన్నదున్నట్టుగా దాంట్లోకి క్లోన్ చేయించాడు. పాత డిస్క్‌ని డేటా కోసం అలాగే ఉంచారు. మర్నాటి నుంచి డెస్క్‌టాప్ మీద కొన్ని ఐకాన్లు తెల్ల కాగితాల్లా మారిపోయాయి. నొక్కితే, ఈ షార్ట్‌కట్‌కి సంబంధించిన ఫైల్ మారింది లేదా వేరే చోటికి వెళ్లింది, షార్ట్‌కట్ డిలీట్ చేయాలా అని అడుగుతోంది. కొన్ని మాత్రం మామూలుగానే తెరుచుకుంటున్నాయి. బిల్లింగ్ ప్రోగ్రామ్ తెరుచుకుంటోంది గానీ రెండేళ్ల కిందటి బిల్లుల దాకానే చూపిస్తోంది. పని ఆగకూడదని మూడు రోజులుగా కొత్త బిల్లులు దాంట్లోనే ఎక్కిస్తున్నారు. పెళ్లిళ్ల సీజన్ కాబట్టి టెన్షన్‌గా ఉంది, ఫార్మాట్ చేయించి అన్నీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయించమంటారా అని అడిగారు.

ఫార్మాట్ వద్దండి. మీ ప్రోగ్రాములకు ఏమీ కాలేదు. కానీ బిల్లింగ్ ప్రోగ్రామ్‌ని మాత్రం ఇప్పుడే మూసేయండి. ఇది పూర్తిగా చదివేదాకా దాంట్లో ఒక్క బిల్లు కూడా ఎక్కించకండి. ఈ రోజు బిల్లులు కాగితం మీద రాసుకోండి. మిగతా ఐకాన్లు ఇంకో రెండు రోజులు పనిచేయకపోయినా నష్టం లేదు, వాటిని తర్వాత చూద్దాం.

ముందు షార్ట్‌కట్ అంటే ఏమిటో రెండు మాటలు. డెస్క్‌టాప్ మీద ఉన్నది ప్రోగ్రామ్ కాదు. ప్రోగ్రామ్ ఎక్కడుందో రాసిపెట్టుకున్న చిరునామా చీటీ. విండోస్ 95 నుంచీ ఇదే పద్ధతి. అదొక చిన్న ఫైల్, మామూలుగా ఒకటి రెండు కేబీలు ఉంటుంది. దాని పేరు చివర ఎల్ఎన్‌కే అనే ఎక్స్‌టెన్షన్ ఉంటుంది. మిగతా ఫైళ్ల ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా సెట్టింగ్ మార్చినా దీన్ని మాత్రం విండోస్ చూపించదు. ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. టార్గెట్ అన్న చోట ఉన్నదే ఆ చిరునామా. దాని కింద స్టార్ట్ ఇన్ అని ఇంకో గడి ఉంటుంది. దాన్ని చాలామంది పట్టించుకోరు, కానీ మీ బిల్లింగ్ సంగతికి అదీ ముఖ్యమే.

షార్ట్‌కట్ పనిచేయలేదంటే మూడు కారణాల్లో ఒకటి అయి ఉంటుంది. చీటీలో చిరునామా తప్పయినా అయి ఉండాలి, ఆ చిరునామాలో ఇల్లే లేకపోయినా ఉండాలి, లేదా చీటీ చదివి మనల్ని తీసుకెళ్లాల్సిన విండోస్‌లోనే తేడా వచ్చి ఉండాలి. మీది మొదటి రకం. ఇల్లు కదల్లేదు, వీధి పేరు మారింది. ఆ పాత పేరు ఇంకో వీధికి వెళ్లింది. ఇబ్బంది అంతా అక్కడే ఉంది.

ఎలా మారిందో చెబుతాను. ప్రతి డిస్క్‌కీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. పాత ఎంబీఆర్ పద్ధతి డిస్కుల్లో అది నాలుగు బైట్ల సంఖ్య, డిస్క్ సిగ్నేచర్ అంటారు. ఫలానా సిగ్నేచర్ ఉన్న డిస్క్‌లో ఫలానా చోట మొదలయ్యే భాగానికి డి అనే అక్షరం ఇచ్చానని విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీ అనే చోట రాసుకుంటుంది. క్లోన్ చేసినప్పుడు ఈ సంఖ్య కూడా కొత్త డిస్క్‌లోకి కాపీ అవుతుంది. రెండు డిస్కులూ ఒకేసారి తగిలించి ఆన్ చేస్తే ఒకే సంఖ్యతో ఇద్దరు కనిపిస్తారు. విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది. మనం దాన్ని ఆన్‌లైన్‌లోకి తెస్తే దానికి కొత్త సంఖ్య రాస్తుంది. అంతే, పాత డిస్క్ విండోస్‌కి కొత్త మనిషి అయిపోతుంది. దానిలోని భాగాలకు ఖాళీగా ఉన్న అక్షరాలు వరసగా పంచేస్తుంది.

మీరు పంపిన వివరాల ప్రకారం ఇప్పుడు సి అంటే ఎస్‌ఎస్‌డీ. పాత డిస్క్‌లో ఒకప్పటి సి భాగం ఇప్పుడు డి అయింది. మీ అసలు డేటా ఉన్న పాత డి భాగం ఇప్పుడు ఎఫ్ అయింది. రెండేళ్ల కిందటి దాకా బిల్లింగ్ ప్రోగ్రామ్ సి డ్రైవ్‌లో ఉండేదని, చోటు చాలక డి లోకి మార్చామని మీరే రాశారు. మార్చినప్పుడు సి లోని పాత ఫోల్డర్‌ని తీసేయలేదు. ఇప్పుడు ఆ పాత సి పేరే డి. అంటే బిల్లింగ్ షార్ట్‌కట్‌లో రాసి ఉన్న డి డ్రైవ్, బిల్లింగ్ ఫోల్డర్ అన్న చిరునామాకి వెళితే అక్కడ నిజంగానే ఒక బిల్లింగ్ ఫోల్డర్ ఉంది. ప్రోగ్రామ్ హాయిగా తెరుచుకుంది. కాకపోతే అది రెండేళ్ల కిందట మీరు వదిలేసిన ఇల్లు. మూడు రోజుల బిల్లులు ఆ పాత ఇంట్లో చేరాయి.

తెల్లగా మారిన ఐకాన్ల గురించి అందరూ కంగారు పడతారు గానీ నాకు భయం ఇలా తెరుచుకునేదాన్ని చూస్తేనే. తెరుచుకోనిది కనీసం తెరుచుకోలేదని చెబుతుంది. కొన్నేళ్ల కిందట మా వైపు ఒక ఎరువుల షాపులో అచ్చం ఇలాగే జరిగింది. రెండు నెలల లెక్కలు తప్పు కాపీలో ఎక్కాయి. జీఎస్టీ రిటర్న్ వేసే రోజున గానీ బయటపడలేదు. ఆ రెండు నెలల బిల్లులూ పుస్తకాలు తీసి మళ్ళీ టైప్ చేయాల్సి వచ్చింది. మీరు మూడు రోజులకే గమనించారు, అది చాలా నయం.

ఇక చేయాల్సిన పని. దయచేసి ఈ వరసలోనే చేయండి.

మొదట ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ తీసుకుని బిల్లింగ్ ఫోల్డర్లు మూడింటినీ విడివిడిగా కాపీ చేయండి. అవును, మూడు ఉంటాయి. ఎఫ్ లో ఉన్నది అసలుది. డి లో ఉన్నది మూడు రోజులుగా వాడుతున్నది. క్లోన్ వల్ల సి లో కూడా ఒకటి వచ్చి ఉంటుంది, అది ఎవరూ ముట్టుకోనిది. కాపీలకు ఎఫ్ అసలు, డి మూడు రోజులు, సి పాతది అని పేర్లు పెట్టండి. ఒక ఫోల్డర్‌లోని ఫైళ్లను ఇంకోదాని మీద ఎట్టి పరిస్థితుల్లోనూ పేస్ట్ చేయకండి. డేటా ఫైల్ ఒక్కటే కదా, కొత్తది పాతదాని మీద వేస్తే రెండూ కలుస్తాయని కొందరు అనుకుంటారు. కలవవు. రెండేళ్ల బిల్లులు పోతాయి.

తర్వాత, డి లోని ప్రోగ్రామ్‌ని ఇంకొక్కసారి తెరిచి మూడు రోజుల బిల్లులు ప్రింట్ తీసుకోండి. వాటిని తర్వాత అసలు దాంట్లో చేత్తో ఎక్కించుకోవాలి. బిల్లు నంబర్లు కూడా రెండేళ్ల కిందటి వరస నుంచే వచ్చి ఉంటాయి, చూసుకోండి. కస్టమర్‌కి ఇచ్చిన బిల్లుల మీద ఆ నంబర్లే ఉన్నాయి కాబట్టి మీ ఆడిటర్‌ని అడిగి మార్చండి. ఆ విషయంలో నేను సలహా ఇవ్వలేను.

ఇప్పుడు అక్షరాలు మార్చాలి. ప్రోగ్రాములన్నీ మూసేయండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ముందు ఇప్పుడు డి అని కనిపిస్తున్న భాగం మీద రైట్ క్లిక్ చేసి, చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్‌లోకి వెళ్లి దానికి డి తీసేసి డబ్ల్యూ లాంటి దూరపు అక్షరం ఇవ్వండి. డ్రైవ్ అక్షరాల మీద ఆధారపడే కొన్ని ప్రోగ్రాములు సరిగా పనిచేయకపోవచ్చు అని ఒక హెచ్చరిక వస్తుంది. మనం సరిచేస్తున్నది దాన్నే కాబట్టి యస్ నొక్కండి. తర్వాత ఎఫ్ మీద రైట్ క్లిక్ చేసి దానికి డి ఇవ్వండి. ముందు డి ఖాళీ కాకపోతే రెండో దశలో జాబితాలో డి కనిపించదు, అందుకే ఈ వరస. సి జోలికి మాత్రం అసలు వెళ్లకండి. ఫార్మాట్, డిలీట్ వాల్యూమ్ అనేవి కూడా అదే మెనూలో పక్కపక్కనే ఉంటాయి. తొందరపడకుండా చదివి నొక్కండి. పక్కన ఎవరైనా మాట్లాడుతుంటే ఆపమనండి. అయ్యాక ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ఒక్కో షార్ట్‌కట్‌లో డి తీసేసి ఎఫ్ అని రాసుకుంటే సరిపోదా అని మీ తమ్ముడు అడిగాడన్నారు. షార్ట్‌కట్ల వరకూ సరిపోతుంది. కానీ ఆ డి అక్షరం షార్ట్‌కట్లలోనే లేదండి. ప్రోగ్రాములు రిజిస్ట్రీలో రాసుకున్న దారుల్లో ఉంది, రెండో సిస్టమ్‌కి మీరు షేర్ చేసిన ఫోల్డర్ దారిలో ఉంది. అన్నింటికన్నా ముఖ్యంగా మీ పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉంది. పేజీలో పెట్టిన ఫొటోలు, లోగోలు చాలావరకు లింకులుగా ఉంటాయి, వాటికీ చిరునామాలే. పదేళ్ల శుభలేఖల డిజైన్లు తెరిచిన ప్రతిసారీ బొమ్మ ఎక్కడుంది అని అడుగుతుంటే మీకు పని సాగదు. అక్షరం వెనక్కి తెస్తే అన్నీ ఒకేసారి సర్దుకుంటాయి. మీ రెండో సిస్టమ్‌లో షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోవడం లేదన్నది కూడా దీనివల్లే. ఆ సిస్టమ్‌లో ఏమీ మార్చకండి.

రీస్టార్ట్ అయ్యాక తెల్ల ఐకాన్లు చాలావరకు వాటంతట అవే పాత బొమ్మలతో కనిపిస్తాయి. ప్రోగ్రామ్ తెరుచుకుంటున్నా బొమ్మ మాత్రం తెల్లగానే ఉంటే అది వేరే విషయం. విండోస్ ఐకాన్ బొమ్మలను ఒకచోట దాచుకుని చూపిస్తుంటుంది, ఆ దాచుకున్నది పాతబడిందన్నమాట. టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ నొక్కితే చాలాసార్లు పోతుంది.

కొన్ని షార్ట్‌కట్లు మొదటి నుంచీ ఎందుకు పనిచేశాయో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు వాటినీ ఒకసారి చూసుకోవాలి. సి లోని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్నవి ఎలాగూ మారలేదు. మిగతావాటిలో కొన్నింటిని విండోస్ తనే వెతికి పట్టుకుని ఉంటుంది. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ డిస్కుల్లో ఫైళ్లు దాచే మామూలు పద్ధతి) డిస్క్‌లో ఒక ఫైల్‌కి షార్ట్‌కట్ చేస్తే విండోస్ ఆ ఫైల్‌కి ఒక ప్రత్యేక గుర్తు తగిలిస్తుంది. ఫైల్ పేరు మారినా, ఫోల్డర్ మారినా ఆ గుర్తుతో వెతుకుతుంది. దీనికి డిస్ట్రిబ్యూటెడ్ లింక్ ట్రాకింగ్ అని ఒక సర్వీస్ ఉంది, విండోస్ 2000 కాలం నుంచి ఉంది. గుర్తు దొరక్కపోతే పేరు, సైజు, తేదీలు చూసి దగ్గరగా ఉన్నదాన్ని వెతుకుతుంది. అలా దొరికితే చీటీలో చిరునామాని కూడా మనకు చెప్పకుండానే దిద్దుతుంది. ఇది మంచి సదుపాయమే. కానీ ఒకే పేరుతో రెండు మూడు కాపీలు ఉన్న సిస్టమ్‌లో తప్పుదాన్ని పట్టుకునే అవకాశమూ ఉంది. అందుకని అక్షరాలు మార్చాక డెస్క్‌టాప్ మీద ప్రతి షార్ట్‌కట్ ప్రాపర్టీస్ తెరిచి టార్గెట్‌లో ఏ అక్షరం ఉందో చూడండి. ఇరవై ఐకాన్లు ఉంటే పది నిమిషాల పని. ఎఫ్ గానీ, డబ్ల్యూ గానీ కనిపిస్తే చేత్తో డి చేయండి. ఈ మూడు రోజుల్లో మీరు కొత్తగా చేసుకున్న షార్ట్‌కట్లు ఉంటే తీసేసి పాతవే వాడండి.

ఎందుకు పాతవే అంటున్నానంటే, ఇక్కడే స్టార్ట్ ఇన్ గడి సంగతి వస్తుంది. ప్రోగ్రామ్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి సెండ్ టు డెస్క్‌టాప్ అంటే కొత్త షార్ట్‌కట్ వస్తుంది. దాని స్టార్ట్ ఇన్‌లో ఆ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డరే ఉంటుంది. కానీ పాత బిల్లింగ్, అకౌంటింగ్ ప్రోగ్రాములు కొన్ని తమ డేటా కోసం స్టార్ట్ ఇన్‌లో ఉన్న ఫోల్డర్‌లోనే చూస్తాయి. ఇన్‌స్టాల్ చేసిన మనిషి అక్కడ డేటా ఫోల్డర్ పేరు రాసి ఉంటే కొత్త షార్ట్‌కట్‌లో అది పోతుంది. ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, కంపెనీల జాబితా ఖాళీగా ఉంటుంది, డేటా పోయిందని గుండె ఆగినంత పనవుతుంది. అలాగే టార్గెట్‌లో ప్రోగ్రామ్ పేరు తర్వాత ఒక స్పేస్ ఇచ్చి ఇంకేవో అక్షరాలు రాసి ఉంటే అవి ప్రోగ్రామ్‌కి ఇచ్చే ఆదేశాలు. కొత్త షార్ట్‌కట్‌లో అవీ రావు. టార్గెట్ మీ చేత్తో టైప్ చేస్తుంటే, దారిలో ఎక్కడైనా ఖాళీ ఉన్నప్పుడు దారి మొత్తం డబుల్ కోట్స్‌లో పెట్టండి. ఆదేశాల అక్షరాలు కోట్స్ బయట ఉండాలి.

కొన్ని షార్ట్‌కట్లలో టార్గెట్ గడి బూడిద రంగులో ఉండి, దిద్దడానికి వీలుకాదు. అది పాడైపోవడం కాదు. విండోస్ ఇన్‌స్టాలర్‌తో వచ్చిన కొన్ని ప్రోగ్రాములు అలాంటి షార్ట్‌కట్లే పెడతాయి, స్టోర్ యాప్‌లవీ అంతే. అలాంటిది పనిచేయకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో ఆ ప్రోగ్రామ్ దగ్గర రిపేర్ ఉంటే అది నొక్కండి.

మీ రెండో సిస్టమ్ గురించి ఒక జాగ్రత్త. షేర్డ్ ఫోల్డర్‌కి జెడ్ అని అక్షరం ఇచ్చుకుని, అందులోని ప్రోగ్రామ్‌కి షార్ట్‌కట్ పెట్టుకున్నారు. సరిగా తెరుచుకోనప్పుడు చాలామంది రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ టిక్ పెట్టేస్తారు. విస్టా నుంచి విండోస్‌లో మామూలు హోదాలో తగిలించుకున్న నెట్‌వర్క్ డ్రైవ్ అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిచే ప్రోగ్రామ్‌కి మామూలుగా కనిపించదు. మీకు కళ్ల ముందు జెడ్ కనిపిస్తూనే ఉంటుంది, ప్రోగ్రామ్ మాత్రం అలాంటి డ్రైవ్ లేదంటుంది. ఆ టిక్ ఉంటే తీసి చూడండి. నిజంగా అడ్మినిస్ట్రేటర్ హోదా అవసరమైన ప్రోగ్రామ్ అయితే టార్గెట్‌లో జెడ్ బదులు రెండు బ్యాక్‌స్లాష్‌లు, మొదటి సిస్టమ్ పేరు, షేర్ పేరు ఇలా పూర్తి నెట్‌వర్క్ దారి రాయండి.

మీలాంటి ఇబ్బందితోనే మొదలై ఇంకా పెద్దదైన కేసులు కూడా చూశాను, అందుకే ఇది చెబుతున్నాను. తెరుచుకోని షార్ట్‌కట్‌ని దేనితో తెరవాలి అని అడిగితే నోట్‌ప్యాడో, ఇంకోటో ఎంచి ఎప్పుడూ దీనితోనే అని టిక్ పెట్టకండి. ఎల్ఎన్‌కే ఫైళ్లన్నీ ఆ ప్రోగ్రామ్‌వే అని విండోస్ నమ్మితే డెస్క్‌టాప్ మీద ఐకాన్లన్నీ ఒకే బొమ్మలోకి మారిపోతాయి. ఏది నొక్కినా అదే ప్రోగ్రామ్ వస్తుంది. విండోస్ 7 కాలంలో ఇది మరీ ఎక్కువగా ఉండేది. చూడటానికి వైరస్‌లా ఉంటుంది, అందుకే దీనికి కూడా ఫార్మాట్లు కొట్టిస్తుంటారు. నిజానికి రిజిస్ట్రీ ఎడిటర్‌లో ఒక్క కీ తీసేస్తే పోతుంది. కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, ఎక్స్‌ప్లోరర్, ఫైల్ ఎక్స్‌ట్స్, దాంట్లో చుక్క ఎల్ఎన్‌కే. అందులో యూజర్ చాయిస్ అనే కీని మాత్రం తీసేసి, సైన్ అవుట్ అయి మళ్ళీ లోపలికి వస్తే చాలు. తీసే ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. షార్ట్‌కట్లు లేకుండా రిజిస్ట్రీ ఎడిటర్ ఎలా తెరవాలి అంటే, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. దాంట్లో రన్ న్యూ టాస్క్ అని, ఆర్ఈజీఈడీఐటీ అక్షరాలు ఇంగ్లిష్‌లో టైప్ చేయండి.

డీటీపీ షాపు కాబట్టి పెన్‌డ్రైవ్ విషయం కూడా. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా కనిపిస్తే నొక్కకండి. ఆ చీటీలో మీ ఫోల్డర్ చిరునామాతో పాటు వైరస్‌ని నడిపించే ఆదేశం రాసి ఉంటుంది. అసలు ఫోల్డర్లు దాంట్లోనే కనపడకుండా దాచి ఉంటాయి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైల్స్ చూపించు అని పెట్టి, ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దాచు అన్న టిక్ తీస్తే వెలిసినట్టుగా కనిపిస్తాయి. వాటి లోపలికి వెళ్లి కావలసిన ఫైల్ కాపీ చేసుకుని, యాంటీవైరస్‌తో స్కాన్ చేశాకే తెరవండి. కస్టమర్‌కి ఆ మాట చెప్పి పంపండి, లేకపోతే పక్క జిరాక్స్ సెంటర్‌లో అంటిస్తాడు. దీనికి పూర్తిగా వేరే సంగతి, ఒకటి రెండు కేబీల షార్ట్‌కట్‌ని మాత్రమే కాపీ చేసుకుని మ్యాటర్ తెచ్చామని వచ్చేవాళ్లు. ఆ ఫైల్ వాళ్ల ఇంట్లో కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. అందులోంచి ఏదీ రాబట్టలేం.

షార్ట్‌కట్లు మొత్తం మాయమైపోతే ప్రోగ్రాములు పోయాయని అనుకోవద్దు. 2023 జనవరి 13న మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అప్‌డేట్‌లో వచ్చిన పొరపాటు వల్ల ఎన్నో ఆఫీసుల్లో డెస్క్‌టాప్, స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ షార్ట్‌కట్లు ఒక్క రోజులో తుడిచిపెట్టుకుపోయాయి. ప్రోగ్రాములు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంకా విండోస్ 7 వాడేవాళ్లు ఉంటే వాళ్లకొకటి. డెస్క్‌టాప్ మీద నాలుగుకి మించి తెగిపోయిన షార్ట్‌కట్లు ఉంటే వారానికోసారి నడిచే మెయింటెనెన్స్ వాటిని అడక్కుండా తీసేస్తుంది. ఆ సమయంలో నెట్‌వర్క్ డ్రైవ్ తెగి ఉంటే మంచి షార్ట్‌కట్లు కూడా తెగినట్టే లెక్క.

తెల్ల ఐకాన్ మీద డిలీట్ చేయాలా అని అడిగినప్పుడు ఒకటికి యస్ నొక్కేశానని రాశారు. ఫర్వాలేదు, పోయింది చీటీ మాత్రమే. అది రీసైకిల్ బిన్‌లో ఉందేమో ముందు చూడండి. ఉంటే రీస్టోర్ చేయండి, దాని పాత స్టార్ట్ ఇన్ గడితో సహా వచ్చేస్తుంది. లేకపోతే స్టార్ట్ మెనూలో అదే ప్రోగ్రామ్ పేరు వెతికి, రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ అంటే అక్కడ ఇంకో చీటీ ఉంటుంది, దాన్ని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకోవచ్చు.

ఇప్పుడు డబ్ల్యూ అయిన పాత విండోస్ భాగాన్ని ఒక నెల దాకా ముట్టుకోకండి. చోటు కోసం దాన్ని ఫార్మాట్ చేయాలని మీ తమ్ముడు అంటే, బిల్లింగ్ లెక్కలు ఒక నెల సరిపోయాయని మీరు చూసుకున్నాకే చేయమనండి. దాంట్లోని బిల్లింగ్ ఫోల్డర్ పేరు మాత్రం ఈ రోజే మార్చి, ముందు పాత అని చేర్చండి. సి లో ఉన్న దానికీ అలాగే చేయండి. ఇంకెప్పుడైనా అక్షరాలు అటూ ఇటూ అయినా ఏ షార్ట్‌కట్టూ ఆ ఇళ్లలోకి వెళ్లదు.

అక్షరాలు మార్చాక బిల్లింగ్ తెరిచి, ఎస్‌ఎస్‌డీ వేయించే ముందు రోజు ఎక్కించిన చివరి బిల్లు కనిపిస్తోందా చూడండి. కనిపించకపోతే ఏమీ ఎక్కించకుండా, ఆ షార్ట్‌కట్ టార్గెట్, స్టార్ట్ ఇన్ గడుల్లో ఏముందో ఉన్నదున్నట్టుగా రాసి పంపండి. రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను.